మా అపార్ట్‌మెంట్‌లో "బయటివాళ్లకు అద్దెకు ఇవ్వొద్దు" అని తీర్మానం పెడుతున్నారు, ఏం చేయాలి?

తార్నాక_టెర్రస్

మాది తార్నాకలో నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్. యూనివర్సిటీ దగ్గరే కాబట్టి అద్దెకు దిగేవాళ్లు ఎప్పుడూ రకరకాల ఊళ్లవాళ్లే. ఇప్పుడు రెండో అంతస్తులో సూడాన్ నుంచి చదువుకోవడానికి వచ్చిన ఇద్దరు అబ్బాయిలు ఉన్నారు. మూడో అంతస్తులో మణిపూర్ అమ్మాయిలు, ఉద్యోగాలు చేసుకుంటున్నారు. పక్క ప్లాటులో బిల్డింగు కడుతున్నారు, అక్కడ రేకుల షెడ్లలో ఒడిశా కుటుంబాలు ఉంటున్నాయి.

వచ్చే ఆదివారం అసోసియేషన్ మీటింగులో "ఇకమీద ఫ్యామిలీలకే, అదీ మనవాళ్లకే అద్దెకు ఇవ్వాలి" అని తీర్మానం పెడుతున్నారు. ఎందుకని అడిగితే ఒకాయన వంట వాసన అన్నారు. ఒకావిడ ఆ అమ్మాయిలు బాగా పొద్దుపోయాక వస్తున్నారు అన్నారు. మిగతావాళ్లు కారణమే చెప్పడం లేదు. ఆ అబ్బాయిలు లిఫ్టు ఎక్కితే అప్పటిదాకా మాట్లాడుకుంటున్నవాళ్లు టక్కున ఆపేస్తారు. షెడ్ల పిల్లలు మా గేటు దగ్గర ఆడుకుంటే వాచ్‌మన్ చేత తరిమిస్తున్నారు.

చూస్తూ ఊరుకోవడం నావల్ల కాదు. తీర్మానానికి అడ్డం పడతాను, అది ఖాయం. కానీ తీర్మానం ఆగినంత మాత్రాన లిఫ్టులో మాటలు మొదలవ్వవు కదా. మీ కాలనీల్లో కొత్తవాళ్లను కలుపుకోవడానికి ఎవరైనా ఏమైనా చేశారా? చేసింది చెప్పండి.

మల్కాజిగిరి_మామ

ఓనర్ తన ఫ్లాటు ఎవరికి ఇచ్చుకుంటే అసోసియేషన్‌కు ఎందుకు? మెయింటెనెన్స్ టైముకు కడుతున్నారా లేదా?

తార్నాక_టెర్రస్

కడుతున్నారు మామగారూ. అందరికంటే ముందు ఆ సూడాన్ అబ్బాయిలే కడతారు.

కేపీహెచ్‌బీ_కృష్ణవేణి

"మనవాళ్లు" అంటే ఎవరో మీటింగులో ముందు అది అడగండి.

మేము గుంటూరు జిల్లా నుంచి వచ్చిన కొత్తలో ఇల్లు దొరకడానికి చెప్పులు అరిగాయి. కులం అడిగారు, ఏం తింటారని అడిగారు, "ఆంధ్రావాళ్లా?" అని తలుపు వేసేసిన వాళ్లూ ఉన్నారు. చివరికి ఇల్లు ఇచ్చినావిడ సిద్దిపేట మనిషి. గ్యాస్ కనెక్షన్ వచ్చేదాకా తన కిరోసిన్ స్టవ్వు మాకు ఇచ్చింది. మా వాడిని బడిలో వేయడానికి తనే వెంట వచ్చి హెడ్మాస్టరుతో మాట్లాడింది. బతుకమ్మకు గునుగు, తంగేడు ఎక్కడ దొరుకుతాయో చూపించి, ఎలా పేర్చాలో పక్కన కూర్చుని నేర్పింది. ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. ఎంగిలిపూల నాడు ఇప్పటికీ ముందు ఆవిడే గుర్తొస్తుంది.

ఇప్పుడు మా ఫ్లాట్ల వాట్సాప్ గ్రూపులో "బీహార్ వాళ్లకు ఇవ్వకండి" అని రాసేవాళ్లలో సగం మంది మాలాగే వేరే జిల్లాల నుంచి మూటా ముల్లే సర్దుకుని వచ్చినవాళ్లే. అది చదివినప్పుడల్లా కడుపు మండిపోతుంది.

అంబర్‌పేట_అసలోడు

నేను వేరే మాట చెబుతా, కోపం తెచ్చుకోవద్దు. మా తాతల నుంచి ఇక్కడే ఉన్నాం. "కలుపుకోండి, కలుపుకోండి" అని ప్రతిసారీ మాకే చెబుతారు. 1952లో ముల్కీల, అంటే ఇక్కడివాళ్ల, ఉద్యోగాలు బయటివాళ్లకు పోతున్నాయని పిల్లలు రోడ్డెక్కితే సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. 1956లో తెలంగాణవాళ్లకు రక్షణలు ఉంటాయని పెద్దమనుషుల ఒప్పందం అన్నారు. అది అమలు కాలేదని 1969లో మళ్లీ ఎన్ని ప్రాణాలు పోయాయో అందరికీ తెలుసు. బయటివాళ్ల మీద కోపం మాకు పుట్టుకతో రాలేదు.

సూడాన్ పిల్లల మీద, ఒడిశా కూలీల మీద నాకేం లేదు. పాపం వాళ్లేం చేశారు. నా బాధ వేరే. మా పిల్లలు పుట్టిన బస్తీలో వాళ్లు ఇల్లు కొనలేరు, అద్దె కట్టలేరు. అటు ఐటీ కంపెనీల వైపు షాపుల్లో తెలుగులో అడిగితే మొహం తిప్పుకుంటారు. పదేళ్లు ఉండి కూడా నాలుగు ముక్కలు తెలుగు రానివాళ్లు ఉన్నారు. కలవడం రెండు వైపుల నుంచీ ఉండాలి. దీన్ని ఎవరూ మాట్లాడరు.

మల్కాజిగిరి_మామ

అసలోడు చెప్పిన దాంట్లో తప్పేం లేదు.

లష్కర్_లలిత

అసలోడు అన్నా, 1952లో "ఇడ్లీ సాంబార్ గో బ్యాక్" అన్నది మావాళ్లనే. మా తాతయ్య అప్పుడు సికింద్రాబాద్‌లో రైల్వే ఉద్యోగి, మాది తమిళ కుటుంబం. ఆ రోజుల గురించి ఆయన చెప్పేటప్పుడు గొంతులో కోపం ఉండేది కాదు. తన ఊళ్లో తనకే ఉద్యోగం రాదేమోనని భయపడ్డ కుర్రాడు అరవక ఏం చేస్తాడు అనేవారు. కాబట్టి మీ బాధ నాకు అర్థమవుతుంది, నిజంగా.

కానీ మేము వెళ్లిపోలేదు. సికింద్రాబాద్ 1806లో కంటోన్మెంటుగా మొదలైంది, మావాళ్లలాంటి వాళ్లు చాలామంది ఆ పటాలాల వెనకే వచ్చారు. స్కందగిరి గుడిలో కావడి మొక్కు తీర్చుకుంటాం, లష్కర్ బోనాలకు మా అమ్మ బోనం ఎత్తుతుంది. ఇంట్లో తమిళం, గడప దాటితే తెలుగు.

ఆ తెలుగు మాకు ఎలా వచ్చిందో చెబుతా. మోండా మార్కెట్‌లో కూరగాయలమ్మే ఆవిడ మా నానమ్మను చూసి భాష మార్చలేదు. తెలుగులోనే బేరమాడింది, తెలుగులోనే తిట్టింది, తెలుగులోనే కొసరు వేసింది. ఇప్పుడు మనం ఏం చేస్తున్నాం? మొహం చూసి "బోలో భయ్యా" అంటున్నాం. వాళ్లు నేర్చుకోవడం లేదని కంప్లయింటు చేస్తాం కానీ వాళ్ల చెవిన తెలుగు పడనివ్వం.

నాచారం_నైట్‌షిఫ్ట్

లలితక్క చెప్పింది వందశాతం కరెక్ట్. మా ఆఫీసులో అస్సాం అమ్మాయి ఒకామె తెలుగులో మాట్లాడబోతే మావాళ్లే ఇంగ్లీషులోకి వెళ్లిపోతారు. ఆమెకు చిరాకొచ్చి మానేసింది.

ఇంఫాల్_టు_తార్నాక

నేను మణిపూర్ అమ్మాయిని. టెర్రస్ గారి అపార్ట్‌మెంట్ కాదు, పక్క వీధి. తెలుగు రాయడం ఇక్కడికి వచ్చాకే నేర్చుకున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

మాకు ఎక్కడ నొప్పి తగులుతుందో చెబుతాను. "ఏ దేశం మీది?" అని అడగడం. కూరగాయల బండి దగ్గర, ఆటోలో, డాక్టరు దగ్గర, ప్రతి చోటా. నా ఆధార్ చూశాక కూడా ఒక ఇంటాయన పాస్‌పోర్ట్ అడిగాడు. ఇంకొకటి, రాత్రి ఆలస్యంగా రావడం. మాలో చాలామంది ఆసుపత్రుల్లో, హోటళ్లలో, కాల్ సెంటర్లలో పని చేస్తాం. షిఫ్టు అయ్యాకే కదా ఇంటికి వస్తాం. మీ అమ్మాయి కంపెనీ క్యాబ్‌లో రాత్రి ఒంటిగంటకు దిగితే "పాపం ఎంత కష్టపడుతోంది" అంటారు. మేము దిగితే కిటికీలోంచి చూస్తారు.

మంచి కూడా చెప్పాలి. మా కింద ఉన్న ఆంటీ ఒక రోజు గోంగూర పప్పు ఇచ్చింది. గోంగూర మా ఊళ్లోనూ తింటాం, ఆ సంగతి చెబితే ఆవిడ ఆశ్చర్యపోయింది. మరుసటి వారం నేను మా పద్ధతిలో వండి ఇచ్చాను. పులుపు చాలలేదు అంది. అప్పటి నుంచి మేము మాట్లాడుకుంటున్నాం.

కేపీహెచ్‌బీ_కృష్ణవేణి

పులుపు చాలలేదు అందంటే గుంటూరు ఆవిడే అయ్యుంటుంది తల్లీ 😄

ఇంఫాల్_టు_తార్నాక

అవును! మీకెలా తెలుసు?

హబ్సిగూడ_హరిత

వాసన సంగతి కూడా మాట్లాడుకుందాం, దాచుకుంటే లాభం లేదు. మేము శాకాహారులం. పక్క ఫ్లాటులో ఎండు చేప వండితే మా అత్తగారికి నిజంగానే కడుపులో తిప్పుతుంది. అది ద్వేషం కాదు, ఆవిడకు డెబ్భై ఏళ్ల అలవాటు. అలాంటప్పుడు ఏం చేయాలి? అడిగితే "మా తిండి మీద ఆంక్షలా" అంటారేమోనని భయం.

ఇంఫాల్_టు_తార్నాక

అడగండి హరిత గారూ. అసోసియేషన్‌కు కాదు, మాకే చెప్పండి. వంటింటికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టిస్తే సగం పోతుంది. మీ ఇంట్లో పూజ ఉన్న రోజు ముందే చెబితే ఆ రోజు మేము వండం. మాకూ పూజలు ఉన్నాయి, మాలో చాలామంది మెయితీలు వైష్ణవులే.

కేపీహెచ్‌బీ_కృష్ణవేణి

ఎండు చేపలు మన కోస్తా ఇళ్లలో వండరా ఏంటి? మా వీధిలో వండితే ఎవరూ తీర్మానాలు పెట్టలేదు.

హబ్సిగూడ_హరిత

నేనేం పెట్టమనలేదు కదండీ కృష్ణవేణి గారూ. ఎగ్జాస్ట్ ఫ్యాన్ మాట బాగుంది. ఆ ఖర్చు ఓనర్ పెట్టుకోవాలని అడుగుతాను.

బర్కస్_జామ

సూడాన్ అబ్బాయిల సంగతి నాకు వదిలేయండి. మాది బర్కస్. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వంశం మాది. ఆ సైనికుల బ్యారక్సే ఇప్పటి బర్కస్. మా పెద్దవాళ్లు ఇప్పటికీ లుంగీలోనే తిరుగుతారు, పొద్దున్నే హరీస్ తింటారు. నేను ఇంట్లో ఉర్దూ, చాంద్రాయణగుట్ట బజారులో తెలుగు. అరబ్బీ మా తాతతో పోయింది, నాకు నమాజులో వచ్చినంత మేరకే.

ఆ పిల్లలు అరబ్బీ మాట్లాడతారు కాబట్టి టోలీచౌకీ పారామౌంట్ కాలనీ వైపు ఈపాటికే వెళ్లి ఉంటారు, అక్కడ యెమెన్, సోమాలియా, సూడాన్ వాళ్లు చాలామంది ఉన్నారు. అయినా మా వైపు పంపండి. మా మామూ అరబ్బీ బాగా మాట్లాడతాడు. విని మాట్లాడేవాళ్లు లేక ఆయనే వెలితి పడుతున్నాడు.

ఇంకో మాట. ఆఫ్రికా మొహం ఈ ఊరికి కొత్తేం కాదు. మాసాబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్, నిజాం కొలువులో సిద్దీ గుర్రపు దళం. వాళ్ల సంతతి ఇప్పటికీ అక్కడే ఉంది. పెళ్లి బరాత్‌లో మీరు ఎగిరే మర్ఫా వాళ్లదీ, మాదీ.

మల్కాజిగిరి_మామ

జామకాయలు ఎప్పుడు వస్తాయి?

బర్కస్_జామ

చలికాలం రానీ మామా. వచ్చి మా బండ్ల దగ్గర తీసుకో. వేరే చోట బర్కస్ జామ అని అమ్మేవన్నీ నమ్మకు.

బడీచౌడీ_బుక్‌షాప్

మాది మరాఠీ కుటుంబం. హైదరాబాద్ రాష్ట్రంలో తెలుగు, మరాఠీ, కన్నడ జిల్లాలు మూడూ ఉండేవి. 1956లో మరాఠ్వాడా బొంబాయి వైపు, కన్నడ జిల్లాలు మైసూరు వైపు వెళ్లాయి. మావాళ్లు ఇక్కడే ఉండిపోయారు. సుల్తాన్‌బజార్, కాచిగూడలో మరాఠీ ఇళ్లు ఇంకా ఉన్నాయి. గౌలిగూడ, అత్తాపూర్ గురుద్వారాలు చూడండి, నిజాం కొలువుకు వచ్చిన సిక్కు సైనికుల వారసులు ఉన్నారు. ధూల్‌పేటలో వినాయకుల్ని చేసేది ఉత్తరాది నుంచి వచ్చిన లోధీలు. నిజాం కాలేజీకి మూలమైన హైదరాబాద్ కాలేజీని నడిపిన అఘోరనాథ్ చటోపాధ్యాయ బెంగాలీ, సరోజినీ నాయుడు తండ్రి. 1908 మూసీ వరద తర్వాత ఊరిని కాపాడే పథకం వేసింది మైసూరు నుంచి వచ్చిన విశ్వేశ్వరయ్య, ఉస్మాన్ సాగర్ దాంట్లోంచే వచ్చింది. కరాచీ బేకరీ 1953లో దేశ విభజనలో అన్నీ వదిలేసి వచ్చిన సింధీ పెట్టింది. వీళ్లంతా ఎప్పుడో ఒకప్పుడు ఇల్లు అడిగినవాళ్లే. మీటింగులో ఇది చెప్పండి.

అంబర్‌పేట_అసలోడు

చరిత్ర బాగుంది సార్, కాదనను. చరిత్ర చెబితే అద్దె తగ్గదు. విశ్వేశ్వరయ్య వచ్చి చెరువు కట్టారు. ఇప్పుడు వచ్చేవాళ్లు చెరువుల మీద ఫ్లాట్లు కొంటున్నారు.

బడీచౌడీ_బుక్‌షాప్

చెరువు పూడ్చి అమ్మింది ఎవరు అన్నా? కొన్నవాడు బయటివాడే అనుకున్నా, అమ్మినవాడు ఇక్కడివాడే. అద్దెలు పెంచింది కూడా ఒడిశా కూలీ కాదు. పెంచినవాళ్లను వదిలేసి రేకుల షెడ్డులో ఉన్నవాడి మీద పడుతున్నాం, నా గోల అదే.

అంబర్‌పేట_అసలోడు

కూలీ మీద నేను పడలేదు. పైన చదవండి.

సనత్‌నగర్_సైట్

షెడ్ల విషయం నేను చెబుతా, కన్‌స్ట్రక్షన్ సైట్లలో సూపర్‌వైజర్‌ని. 2020 మే 1న లాక్‌డౌన్‌లో దేశంలోనే మొదటి వలస కార్మికుల రైలు మన లింగంపల్లి నుంచే జార్ఖండ్‌లోని హటియాకు వెళ్లింది, సుమారు 1200 మంది. ఆ నెలల్లో మా కాలనీలో ప్రతి ఇంటివాళ్లూ అన్నం పొట్లాలు కట్టి ఇచ్చారు. చెప్పులు లేనివాళ్లకు చెప్పులు కొనిచ్చారు. అదే జనం ఇప్పుడు అదే కూలీల పిల్లలను గేటు దగ్గర నిలబడనివ్వడం లేదంటే నాకు అర్థం కావడం లేదు.

వాళ్లకు పనికొచ్చేవి చెబుతా, రాసి పెట్టుకోండి. వాళ్ల దగ్గర ఒడిశా రేషన్ కార్డు ఉంటే ఇక్కడి రేషన్ షాపులోనే బియ్యం తీసుకోవచ్చు. ఒకే దేశం ఒకే రేషన్ కార్డు పథకం 2019లో మొదలైనప్పుడు మొదట కలిపిన రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ ఉన్నాయి. కుటుంబంలో కొందరు ఊళ్లో, కొందరు ఇక్కడ ఉన్నా ఎవరి వాటా వాళ్లు విడిపించుకోవచ్చు. డీలరు "మీది ఇక్కడ పనిచేయదు" అంటే ఒకరు పక్కన నిలబడి గట్టిగా అడగాలి. భాష రాక వెనక్కి వచ్చేస్తారు వాళ్లు.

గ్యాస్ లేక కట్టెల మీద వండుతుంటే 5 కిలోల చిన్న సిలిండర్ ఉంది. దానికి అడ్రస్ ప్రూఫ్ అక్కర్లేదు, ఏదో ఒక గుర్తింపు కార్డు చాలు. జ్వరం వస్తే బస్తీ దవాఖానా, డబ్బు అక్కర్లేదు. ఆడవాళ్లకు బస్సులో ఉచిత ప్రయాణం మాత్రం తెలంగాణ అడ్రస్ ఉన్న కార్డు ఉంటేనే. అది ముందే చెప్పండి, లేకపోతే కండక్టరుతో గొడవ పడతారు.

టీచరమ్మ_ఉప్పల్

పిల్లల సంగతి నేను చెబుతాను. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను, మా బడి చుట్టూ సైట్లే.

ఒడిశా పడమటి జిల్లాల నుంచి, బలంగీర్, నువాపడా, కలహండి వైపు నుంచి వచ్చే కుటుంబాలు ఎక్కువగా పంట కోతలయ్యాక బయలుదేరి వానాకాలానికి వెనక్కి వెళ్తాయి. మన బడి లెక్కల్లో అది సరిగ్గా చదువుల మధ్య సమయం. ఇటుక బట్టీల దగ్గర ఒడియా పుస్తకాలతో, ఒడియా టీచర్లతో బడులు నడిపిన అనుభవం మన రాష్ట్రంలో ఉంది. ఊరి మధ్య సైట్లకు అది రాలేదు. ఈ పిల్లలు ఎవరికీ కనపడరు, ఎందుకంటే ఒక్కో సైటులో నలుగురైదుగురే ఉంటారు.

2009 విద్యా హక్కు చట్టం చాలా స్పష్టంగా ఉంది. పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదని, టీసీ రాలేదని ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలను చేర్చుకోకుండా పంపకూడదు. వయసుకు తగిన తరగతిలో కూర్చోబెట్టాలి. ఏడాది మధ్యలో వచ్చినా చేర్చుకోవాలి. కానీ ఆ తల్లి ఒక్కతే బడి గేటు దగ్గరికి రాదు. తీసుకురావడానికి ఒకరు కావాలి, కృష్ణవేణి గారిని తీసుకెళ్లిన సిద్దిపేట ఆవిడలాగా.

చేరాక మొదటి వారాలే కష్టం. మా తరగతిలోకి ఒక పాప వచ్చింది, ఎన్ని రోజులైనా నోరు విప్పలేదు. మూగదేమో అన్నారు తోటి పిల్లలు. నేను పాఠం సంగతి పక్కన పెట్టి పాపను మధ్యాహ్న భోజనం వడ్డించే దగ్గర నిలబెట్టాను. గుడ్లు పంచే పని. పంచాలంటే పేర్లు పిలవాలి, ఎవరికి వచ్చిందో ఎవరికి రాలేదో చెప్పాలి. అక్కడ మొదలైంది మాట. దసరా సెలవులకు ముందు అందరికంటే గట్టిగా అరిచేది ఆ పిల్లే. వాళ్ల నాన్న సైటు మారినప్పుడు బోనఫైడ్ రాసి చేతికిచ్చి, "ఎక్కడికి వెళ్లినా ఇది చూపించు" అని తల్లికి చెప్పాను.

ఆరేళ్ల లోపు వాళ్లను అంగన్‌వాడీలో వేయండి. టీకాల కార్డు ఊళ్లో మర్చిపోయి వచ్చినా ఆశా వర్కరుకు చెబితే కొత్తది రాస్తారు. టెర్రస్ గారూ, మీ గేటు దగ్గర ఆడుకుంటున్న పిల్లల వయసులు అడిగి నాకు చెప్పండి. వాళ్లు ఆడుకోవాల్సింది గేటు దగ్గర కాదు, బడి గ్రౌండులో.

మల్కాజిగిరి_మామ

టీచరమ్మా, మీకు దండం.

లా_పాయింట్

మీటింగు కోసం. మణిపూర్, ఒడిశా వాళ్లు భారత పౌరులు. రాజ్యాంగం 19వ అధికరణం దేశంలో ఎక్కడైనా నివసించే హక్కు వాళ్లకు ఇచ్చింది. ప్రైవేటు ఓనరు మీద అది నేరుగా పనిచేస్తుందా అనేది వేరే వాదన, ఆ తగువులోకి దిగకండి. విదేశీయులకు 19 లేదు కానీ 14, 21 అధికరణాలు పౌరులకే కాదు, మనుషులందరికీ. సూడాన్ విద్యార్థుల విషయంలో ఓనరు చేయాల్సిన పని ఒకటుంది. విదేశీయులు దిగిన 24 గంటల్లోపు, వాళ్ల వివరాలు నమోదు చేసే ప్రభుత్వ ఆఫీసు ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ వెబ్‌సైటులో తెలియజేయాలి. అది చేసి ఉంటే ఆ కాగితం తీసుకుని మీటింగుకు వెళ్లండి. సగం భయాలు కాగితం చూడగానే పోతాయి.

గచ్చిబౌలి_గేటెడ్

మా కమ్యూనిటీలో ఏటా కల్చరల్ డే చేస్తాం. ప్రతి రాష్ట్రానికీ ఒక స్టాల్, వాళ్ల డ్రెస్, వాళ్ల డాన్స్, వాళ్ల వంట. చాలా బాగుంటుంది. అది చేయండి.

ఇంఫాల్_టు_తార్నాక

నాకు అవి ఇష్టం లేదు. పోయిన ఏడాది నన్ను మా డ్రెస్ వేసుకుని రమ్మన్నారు, అందరూ ఫోటోలు దిగారు. ఒక్కరు కూడా నా పేరు అడగలేదు. నాకు డాన్స్ రాదు, నేను అకౌంట్స్ చూస్తాను.

గచ్చిబౌలి_గేటెడ్

మీరు చెప్పింది ఆలోచించాల్సిందే. కానీ మా పిల్లలకు మేఘాలయ ఎక్కడుందో తెలిసింది ఆ రోజే. పూర్తిగా పనికిరాదని అనలేను.

లష్కర్_లలిత

పనికిరాదని ఎవరూ అనడం లేదు. స్టేజీ మీద చూడటం వేరు, పని పంచుకోవడం వేరు. వినాయకుడికి చందా అడగడానికి వెళ్తారు కదా, కొత్తవాళ్ల దగ్గర చందా తీసుకుని వదిలేయకండి, కమిటీలో వేయండి. అకౌంట్స్ చూసే అమ్మాయి ఉంటే మండపం లెక్కలు ఇవ్వండి!

బర్కస్_జామ

మా వైపు పీర్ల పండుగకు సగం పనులు హిందువులే చూస్తారు, మా రంజాన్ బజారులో గాజుల కొట్లు ఎవరివో అడగండి. ఎవరూ దాన్ని కల్చరల్ డే అనరు.

అంబర్‌పేట_అసలోడు

సరే, నాదొక ప్రపోజల్. తెలుగు నేర్పిస్తామంటే నేను వస్తా. ఆదివారం పొద్దున ఒక గంట. పుస్తకం తెలుగు కాదు, బస్సు, కిరాణా, ఆసుపత్రి, అద్దె బేరం, ఆ తెలుగు. అంబర్‌పేట నుంచి తార్నాక ఎంత దూరం. ఒకటే షరతు. అసోసియేషన్ మీటింగులు తెలుగులోనే జరగాలి.

హబ్సిగూడ_హరిత

మీటింగు తెలుగులో పెట్టి, అద్దెకున్నవాళ్లకు అర్థం కాకుండా వాళ్ల మీద నిర్ణయాలు తీసుకోవడం న్యాయం కాదు కదా. మాట తెలుగులో, నోటీసు తెలుగూ ఇంగ్లీషూ రెండింట్లో.

అంబర్‌పేట_అసలోడు

నోటీసు రెండింట్లో పెట్టుకోండి. మాట తెలుగులోనే. దాని మీద నేను తగ్గను.

టీచరమ్మ_ఉప్పల్

2018 చట్టం ప్రకారం రాష్ట్రంలో అన్ని బడుల్లోనూ తెలుగు నేర్పాలి. సీబీఎస్‌ఈ లాంటి బడుల్లో వేరే మాతృభాషల పిల్లల కోసం "వెన్నెల" అని తేలిక తెలుగు వాచకం ఉంది. పెద్దవాళ్లకూ మొదట అక్షరాలకు అదే పనికొస్తుంది.

తార్నాక_టెర్రస్

మీటింగు అయింది. అందరికీ చెప్పాలి.

"మనవాళ్లు అంటే ఎవరు" అని అడిగాను. అరగంట అదే సాగింది. ఒకరు తెలంగాణ అన్నారు, ఇంకొకరు తెలుగువాళ్లు అన్నారు, ఒకాయన కులం దాకా వెళ్లారు, అక్కడ పక్కాయన లేచి ఆపారు. ఆ మాట ఎవరికీ కుదరక తీసేశారు. సూడాన్ అబ్బాయిల ఓనరు కాగితాలు పట్టుకొచ్చారు, సెక్రటరీ చూసి సరే అన్నారు. మణిపూర్ అమ్మాయిలను కూడా పిలిచాను. అందులో ఒకామె పెద్దాసుపత్రిలో నర్సు. రాత్రిళ్లు వస్తారని కంప్లయింటు చేసినావిడ ఆ మాట విని, మోకాళ్ల నొప్పులకు ఏం వాడాలని అక్కడే అడిగారు.

అంతా బాగైపోలేదు. "ఫ్యామిలీలకే" అన్నది వచ్చే నెలకు వాయిదా వేశారు, పోరాడాలి. షెడ్ల పిల్లలను గేటు లోపలికి రానివ్వడానికి ముగ్గురు ససేమిరా అన్నారు. ఆదివారం తెలుగు క్లాసుకు టెర్రస్ ఇచ్చారు. మీటింగులు తెలుగులో, నోటీసులు రెండింట్లో, అసలోడు అన్న మాట, హరిత గారి మాట రెండూ పెట్టాను, ఒప్పుకున్నారు.

అంబర్‌పేట_అసలోడు

ఆదివారం ఎన్ని గంటలకు? మైకు అక్కర్లేదు, బోర్డు ఒకటి చూడండి.

నాచారం_నైట్‌షిఫ్ట్

పదింటికి పెట్టండి అన్నా, నైట్ షిఫ్టు వాళ్లం కాస్త పడుకుని వస్తాం. అస్సాం అమ్మాయిని కూడా తీసుకొస్తా.

తార్నాక_టెర్రస్

పదింటికే. టీచరమ్మ గారూ, షెడ్లలో పిల్లలు ఆరుగురు. ఇద్దరు చిన్నవాళ్లు, నలుగురు బడి వయసు. ఒక అబ్బాయికి ఆధార్ లేదు, ఊళ్లో ఎప్పుడూ తీయలేదట. చేర్చుకుంటారా? తండ్రి అదే అడుగుతున్నాడు.

టీచరమ్మ_ఉప్పల్

చేర్చుకుంటారు. ఆధార్ లేదని బడిలో చేర్చుకోకపోవడం కుదరదు, 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు దగ్గర్లోని ప్రభుత్వ బడికి తీసుకెళ్లండి, తల్లిని కూడా రమ్మనండి. ఒకరోజు కూలీ పోతుందని తండ్రి రాకపోవచ్చు, ఫర్వాలేదు. హెడ్మాస్టరు ఏమైనా అంటే నాకు ఫోన్ చేయించండి, నంబరు మీకు విడిగా పంపాను. ఇద్దరు చిన్నవాళ్లను అంగన్‌వాడీ టీచరుకు అదే రోజు చూపించేయండి.

సనత్‌నగర్_సైట్

తల్లి కూలీ పోకుండా మేస్త్రీతో నేను మాట్లాడతా. ఆ సైటు కాంట్రాక్టరు ఎవరో నాకు మెసేజ్ పెట్టండి.